గడ్డి దుడ్డె

చాంద్రాయణగుట్ట దాటి ఇంకాస్త దూరం పోతే ఒకప్పుడు మిలిటరీ విమానాల మైదానం ఉండేది. పాతబస్తీలో అందరూ దాన్ని హవాయి అడ్డా అనేవారు. మేం పాలవాళ్లం, మాటలో కూడా కొంత మిగుల్చుకునే రకం కాబట్టి ఉత్త ‘అడ్డా’ అనేవాళ్లం. ఇప్పుడక్కడ విమానాలు లేవు, మిలిటరీ లేదు. రన్‌వే పగుళ్లలో తుమ్మ చెట్లు మొలిచాయి. పొద్దున పూట పిల్లలు క్రికెట్ ఆడతారు, స్కూటర్ నేర్చుకునేవాళ్లు వంకర టింకరగా తిరుగుతారు. గద్దలు మాత్రం ఉన్నాయి. రన్‌వే మధ్యలో తీరిగ్గా కూర్చుని ఉంటాయి.  తరిమేవాడు లేడని మురుస్తున్నారా అని పైకే తిడతాను. తిట్టాల్సింది వాటిని కాదని నాకు తెలుసు.

డెబ్బైలు మొదలైన కొత్తలో నేను గౌలిపురకు కోడలిగా వచ్చాను. అత్తవారి ఇల్లు చిన్నది, బర్రెలు ఎక్కువ. గల్లీలో కట్టేసే చోటు చాలక మా ఆయన అడ్డా కంచె పక్కన రేకుల కొట్టం వేశాడు. కంచె బయట గడ్డికి కొదవ లేదు, మేపుకుంటే అడ్డు చెప్పేవారూ లేరు. మేమిద్దరం ఆ కొట్టం వెనక గదిలోనే కాపురం పెట్టాం. మొదట్లో విమానం లేచిన ప్రతిసారీ బర్రెలు తాళ్లు తెంపుకునేవి, నేను చెవులు మూసుకునేదాన్ని. కొన్నాళ్లకు బర్రెలు తల ఎత్తి చూడటం కూడా మానేశాయి. నేనింకా ఉలిక్కిపడుతూనే ఉన్నాను. మా అత్త గౌలిపుర నుంచి వచ్చినప్పుడల్లా, “బర్రెకున్న తెలివి గూడ లేదానే నీకు?” అని నవ్వేది.

అడ్డాలోకి పోవడానికి నాకు పాస్ ఉండేది. పొద్దున్నే క్యాన్ ఎత్తుకుని గేటు దాటితే అదొక వేరే ఊరు. దారి పక్క రాళ్లకు తెల్లసున్నం, కత్తిరించిన చెట్లు, నల్లా తిప్పితే నీళ్లు. మా గల్లీలో బిందెడు నీళ్ల కోసం జుట్లు పట్టుకుంటుంటే అక్కడ పూలమొక్కలకు పైపుతో నీళ్లు కొట్టేవారు. ఆఫీసర్ల భార్యలు పాలలో వేలు ముంచి చూసి, “పానీ మిలాయా?” అని అడిగేవారు. “పానీ మీ నల్లాలోనే ఉంది మేమ్‌సాబ్, మాకెక్కడిది?” అని నేను వచ్చీ రాని హిందీలో అనేదాన్ని. వాళ్లు నవ్వేవారు. నిజం చెప్పాలంటే కొంచెం కలిపేవాళ్లం. దాని గురించి నాకేమీ బాధ లేదు, అందరూ కలిపేవారు.

ఆ అడ్డాలో నాకు బాగా దగ్గరైన మనిషి ఆఫీసరు కాదు, సిపాయి కాదు. రన్‌వే మీద గద్దలను తరమడానికి పెట్టుకున్న మనిషి. చాంద్రాయణగుట్టలో కిరాయి గదిలో ఉండేవాడు. క్రైస్తవుడు, ఆదివారం వస్తే తెల్లచొక్కా వేసుకుని చర్చికి పోయేవాడు. మిగతా రోజులు ఖాకీ నిక్కరు, సైకిలు, హ్యాండిల్‌కు కట్టిన ఖాళీ నూనె డబ్బా, జేబులో పటాకులు. గద్ద కనపడితే డబ్బా వాయించుకుంటూ సైకిలు తొక్కేవాడు. పటాకు పేల్చినా కదలని గద్దలను బూతులు తిట్టి, వెంటనే ఆకాశం వైపు చూసి చెంపలు వేసుకునేవాడు. మేమంతా ఆయనను గద్దలన్న అనేవాళ్లం. కంచె పక్క నుంచి పోతూ నన్ను చూసి రోజూ ఒకటే అడిగేవాడు.

“చెల్లె, దుడ్డెలు మంచిగున్నయా?”

దుడ్డె అంటే బర్రె పిల్ల. అది పలకరింపులాగే ఉన్నా దాని వెనక ఆయన బతుకంతా ఉంది. పాలవాళ్ల కొట్టాల్లో దుడ్డెలు చస్తూనే ఉంటాయి. చచ్చినదాన్ని కంచె పక్క గుంతలో పడేసేవారు. కళేబరం పడితే గద్దలు, గద్దలు వస్తే విమానాలకు ప్రమాదం, విమానానికి గద్ద తగిలితే గద్దలన్న పని పోతుంది. అప్పటికి ఆయనది టెంపరరీ పని. ఆ ఏడు ఒక్క పక్షి కూడా తగలకుండా గడిస్తే పర్మనెంటుకు రాస్తానని ఆఫీసరు మాటిచ్చాడు. పర్మనెంటు అయితే లోపల క్వార్టర్ ఇస్తారు. ఆయన భార్యకు అప్పుడు నెలలు నిండాయి. ఆ నల్లా నీళ్ల గురించి ఆయన నాతో ఎన్నిసార్లు చెప్పాడో.

“ఒక్కటే మాట చెల్లె. సచ్చిన దుడ్డెను కంచె దిక్కు ఎయ్యనియ్యకు. గంతే.”

“నేను జూస్కుంట అన్నా. నువ్వు ఫికర్ జెయ్యకు,” అన్నాను.

ఉత్త మాట కాదు. కొట్టాలన్నింటికీ తిరిగి ఆడవాళ్లతో కొట్లాడాను. చచ్చినవాటిని బండి మీద దూరంగా తీసుకుపోయేలా చేశాను. మా ఆయన, “అడ్డా మొత్తం నీ నెత్తి మీదనే ఉన్నట్టు జేస్తున్నవ్,” అని వెక్కిరించాడు. గద్దలు నిజంగానే తగ్గాయి. నాకు గర్వంగా ఉండేది.

ఆయనకు ఆడపిల్ల పుట్టింది. తల్లికి పాలు పడలేదు. గద్దలన్న కంచె దగ్గర సైకిలు ఆపి, ఎప్పుడూ లేనిది తల దించుకుని అడిగాడు. “చెల్లె, పిల్లకు జర మంచి పాలు గావాలె. నీళ్లు కలపనియి.”

పోస్తానన్నాను. అయితే మా పాలన్నీ ఎక్కడెక్కడికి పోవాలో ముందే కుదిరి ఉన్నాయి. అడ్డా లోపలి మెస్‌కు తగ్గిస్తే నా పాస్ పోతుంది. మా అత్త నేర్పిన పద్ధతి ఒకటుంది. బర్రెకు నాలుగు చన్నులు. మూడు మనవి, నాలుగోది దుడ్డెది. అది దానికి వదిలేయాలి. ఆ మధ్య ఈనిన ఒక బర్రెకు దున్నదుడ్డె ఉంది. పెరిగి పాలిచ్చేది కాదు, దాన్ని పట్టించుకునేవారు లేరు. ఆ నాలుగో చన్ను పిండి, చిక్కటి పాలు చిన్న గిన్నెలో పక్కకు పెట్టి, అడ్డా నుంచి వచ్చేటప్పుడు చాంద్రాయణగుట్టలో గద్దలన్న గదిలో ఇచ్చి వచ్చేదాన్ని. దుడ్డెకు గంజి పట్టాను. గడ్డి పోచలు నోటికి అందించాను. అది నా వేళ్లు చీకేది. చూసీ చూడనట్టు వచ్చేసేదాన్ని. పసిపిల్ల బుగ్గలు మాత్రం నా కళ్ల ముందే నిండుతున్నాయి. ఎవరైనా ఏం చేస్తారు? అప్పుడు నాకు అలాగే అనిపించింది. ఇప్పుడూ అంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు, అదే నా బాధ.

వానాకాలం పోయే రోజుల్లో దుడ్డె చచ్చిపోయింది.

నేను మాట తప్పలేదు. కళేబరాన్ని పొద్దున్నే బండి మీద దూరం పంపించాను. తోలు మాత్రం ఒలిపించి ఉంచాను. పాలవాళ్లకు అది తప్పదు. దుడ్డె కళ్ల ముందు లేకపోతే బర్రె చేపదు, పొదుగు నిండా పాలున్నా కిందికి వదలదు. అందుకని తోలుకు ఉప్పు రాసి ఎండబెట్టి, లోపల గడ్డి కుక్కి కుట్టి, దాన్ని తల్లి ముందు నిలబెడతారు. తల్లి దాన్ని నాకుతూ పాలిస్తుంది. మా ఇళ్లలో దాన్ని కూడా దుడ్డె అనే అంటారు. ‘చచ్చిన దుడ్డె’ వేరు, అది గుంతలో పడేసేది. ఇది పనిచేసే దుడ్డె. మా లెక్కలో అది చచ్చినదాని కింద రాదు.

ఎండ, గాలి రెండూ బాగా తగిలే చోటు చూసి ఆ తోలును తీసుకుపోయి అడ్డా కంచె తీగ మీద ఆరేశాను.

ఎంత చదువు లేనివాడికైనా అది గద్దలను పిలిచి విందు పెట్టడమని తెలుస్తుంది. నాకు తట్టలేదు. కొట్టాల ఆడవాళ్లందరితో కొట్లాడి కళేబరాలు ఆపించినదాన్ని, నాకే తట్టలేదు. నా లెక్కలో నేను ఆరేసింది చచ్చినదాన్ని కాదు, దుడ్డెను.

గద్దలన్న ఆ పూట రన్‌వే అవతలి కొసన ఉన్నాడు. నేను పేడ ఎత్తుతుంటే నెత్తి మీద నీడలు తిరిగాయి. తల ఎత్తేసరికి కంచె మీద గద్దలు గుంపుగా సుళ్లు తిరుగుతున్నాయి. తట్ట పడేసి అరుచుకుంటూ ఉరికాను. దూరంగా డబ్బా చప్పుడు వినపడింది, ఆయన ప్రాణం పెట్టి సైకిలు తొక్కుకుంటూ వస్తున్నాడు. అప్పటికే చిన్న శిక్షణ విమానం ఒకటి పైకి లేచింది. టప్పుమని ఏదో పగిలిన చప్పుడు. విమానం ఒక పక్కకు ఒరిగింది, సర్దుకుంది, చుట్టు తిరిగి వచ్చి దిగింది. సైరన్ మోగింది. దాన్ని నడిపిన కుర్రాడు నుదుటికి రుమాలు అదుముకుని తన కాళ్ల మీద తాను నడిచి వచ్చాడు. 

జీపు వచ్చేలోపే గద్దలన్న తీగ మీది తోలు లాగి, చుట్టి, సైకిలు వెనక పెట్టుకుని కంచె బయటికి వచ్చాడు. మా కొట్టం ముందు దాన్ని దింపాడు.

“ఇది మీదేనా చెల్లె?”

“నాదే అన్నా. నేనే ఆరేసిన. ఆఫీసర్‌కు చెప్త నేను. నీ తప్పు లేదని చెప్త.”

ఆయన చెమట తుడుచుకున్నాడు. కోపం వస్తుందని చూశాను. వస్తే బాగుండు, రెండు మాటలు పడి ఉంటే ఇన్నేళ్లు ఇంత మోసేదాన్ని కాదు. ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ కోపం, ఆ రోజు నన్ను తిట్టనందుకు.

“చెప్తే ఏమైతది? నా నౌకరి మళ్ల రాదు. నీ పాస్ బంద్ అయితది. ఇద్దరం ఆగమైతం.” సైకిలు తిప్పుకుంటూ అన్నాడు. “నువ్వు లోపలికి రాకుంటే, మా దిక్కు రాకుంటే, పిల్లకు పాలెవరు పోస్తరు?”

 ఆ పాలు ఎక్కడివో అప్పుడే చెప్పాలి. ఈ తోలు ఎవరిదో, ఆ దుడ్డె ఎందుకు చచ్చిందో చెప్పాలి. చెబితే ఆయన ఆ పాలు ముట్టడు. పిల్లకు వేరే దిక్కు లేదు. అలా అనుకున్నాను, అనుకుని ఊరుకున్నాను. అందులో పిల్ల మీద ప్రేమ ఎంతో, నా పాస్ మీద భయం ఎంతో విడదీసి చెప్పలేను.

ఆయనను పని నుంచి తీసేశారు. క్వార్టర్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

తోలు వృథా పోలేదు. ఆయన తెచ్చి ఇచ్చినదాంతోనే మా అత్త దుడ్డెను కుట్టింది. బర్రె ముందు నిలబెడితే అది మొదట వాసన చూసింది. తరవాత నాలుక చాపి మెడ నుంచి తోక దాకా నాకడం మొదలుపెట్టింది. చేపింది. నురగ పొంగేలా పాలిచ్చింది. ఆ పాలే గిన్నెలో పోసుకుని నేను చాంద్రాయణగుట్ట గదికి తీసుకుపోయాను. ఆయన భార్య రెండు చేతులతో గిన్నె అందుకుని, “నువ్వు లేకుంటే మా పిల్ల బతుకకపోతుండె అక్కా,” అంది. బర్రెను మోసం చేసి తెచ్చిన పాలకు నేను దండాలు పెట్టించుకున్నాను.

కొన్ని నెలలకు వాళ్లు సైదాబాద్ వైపు వెళ్లిపోయారు. ఆయన ఏదో సైకిల్ షాపులో చేరాడని విన్నాను. ఇంకో మనిషి డబ్బాతో రన్‌వే మీదికి వచ్చాడు. వాడు నన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. తరవాత తరవాత విమానాలు తగ్గాయి. మిలిటరీవాళ్లు లారీల్లో సామాన్లు ఎత్తుకుని వేరే చోటికి పోయారు. సున్నం రాళ్లను జనం ఇళ్లకు మోసుకుపోయారు. ఆఖరికి నల్లాలు కూడా ఎవరో ఊడదీసుకుపోయారు. ఆ నల్లాలు లేని గోడలు చూసిన రోజు నాకు ఏడుపు ఆగలేదు. మా ఆయనకు ఎందుకో అర్థం కాలేదు.

ఎనభైలు సగం గడిచాక ఒక రోజు చాంద్రాయణగుట్ట బస్టాపులో నిలబడి ఉన్నాను. వెనక నుంచి గొంతు వినపడింది.

“చెల్లె! దుడ్డెలు మంచిగున్నయా?”

జుట్టు నెరిసింది, నవ్వు అదే. పక్కన స్కూలు బట్టల్లో ఎత్తుగా, ఏపుగా ఆడపిల్ల. “బిడ్డా, గీ మేనత్తనే నీకు పాలు వోసి పెంచింది. అప్పట్ల నాకు నౌకరి లేకున్న గూడ ఒక్క పూట తప్పలే,” అన్నాడు. నౌకరి ఎందుకు పోయిందో ఆయన ఇంట్లో ఎవరికీ చెప్పలేదని ఆ మాటలోనే తెలిసింది. ఆ పిల్ల నా చేతులు రెండూ పట్టుకుని నవ్వింది. నిండు బుగ్గలు, బలమైన పళ్లు. ఆ వేళ్ల వెచ్చదనానికి నాకు ఇంకో నోటి తడి గుర్తొచ్చింది. ఖాళీ వేళ్లు చీకిన నోరు. చేతులు వెనక్కి లాక్కోవాలనిపించింది, లాక్కోలేకపోయాను.

బస్సు వచ్చింది. ఆయన ఒక కాలు మెట్టు మీద పెట్టి, జవాబు కోసం వెనక్కి తిరిగి చూశాడు.

“మంచిగున్నయి అన్నా,” అన్నాను.

అప్పటికి మా కొట్టంలో బర్రెలు లేవు. మూలన ఆ గడ్డి దుడ్డె ఒక్కటే మిగిలి ఉంది.