లింగన్న దీవిలో నీటిగుంట

దోహాలోని అల్ ముంతజా పేటలో రామకృష్ణారావు గారింట్లో కారు నడిపే లింగన్నకు ఆస్తి అంటూ ఏదైనా ఉంటే అది ఒక్క కథే. అనంతపురం వైపు నుంచి వచ్చిన డ్రైవర్లు ఆ ఊళ్ళో వీధికొకరు దొరుకుతారు. పసిఫిక్ సముద్రంలో ఓడ తగలబడి, ఎవరూ లేని దీవిలో పదకొండు రోజులు ఒంటరిగా బతికి వచ్చినవాడు మాత్రం ఇతనొక్కడే. చిత్రావతి ఒడ్డున పుట్టి, ఈత కూడా రాకుండా, ఏజెంటు మాట నమ్మి ఓడ ఇంజను గది తుడిచే పనికి చేరాడు. తిరిగొచ్చాక "సముద్రం మాఫీ" అని, అంటే అరబ్బుల మాటలో ఇక లేదని, ఖతర్ వచ్చి స్టీరింగ్ పట్టుకున్నాడు. ఆ కథ వల్లే నలుగురిలో కుర్చీ దొరుకుతుంది అతనికి.

రావు గారి కూతురు ధాత్రి తొమ్మిదో తరగతి. దీవుల్లో చిక్కుకుపోయినవాళ్ళ కథల వెనకున్న చరిత్ర మీద స్కూల్లో ప్రాజెక్టు ఇచ్చారు. ఇంటికి వెళ్ళే దారిలో, ట్రాఫిక్‌లో కారు ఆగినప్పుడు అడిగింది.

"ఆ దీవిలో నీళ్ళెక్కడివి అంకుల్?"

"దేవుడిచ్చినాడు పాపా. దీవి నడిమధ్యన గుంత ఉండాది. చుట్టూ చేమాకుల మాదిరి ఆకులు, మనిషెత్తు. నా బట్టలంతా డీజిల్ గబ్బు. ఆ గుంతలోనే దిగి రుద్ది రుద్ది ఉతికినా. నీళ్ళు నెమలిపింఛం రంగుకొచ్చినాయి."

ఇక్కడ అందరూ నవ్వుతారు. ధాత్రి నవ్వలేదు. ఫోన్ తిప్పి ఒక ఫోటో చూపించింది. అలాంటి గుంతే, అవే ఆకులు. మధ్యలో మోకాళ్ళ లోతున ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు.

"ఇది తోట అంకుల్. ఇసుక కింద ఉప్పునీళ్ళ మీద మంచినీళ్ళు పల్చగా తేలుతుంటాయట. అంతవరకే తవ్వి, ఆకులు కుళ్ళబెట్టి దుంపలు పెంచుతారు. తాతల కాలం నుంచి. ఒకసారి పాడైతే మళ్ళీ బాగవడానికి ఏళ్ళు పడుతుందట."

"మనుషులే లేరే ఆడ."

"పక్క దీవిలో ఉంటారు. పడవలేసుకుని వచ్చి తవ్వుకుపోతారు. ఖాళీ దీవి అని ఓడల్లో వచ్చిన తెల్లవాళ్ళు కథల్లో రాసుకున్నారంతే."

పచ్చ సిగ్నల్ పడినా లింగన్న కారు కదలలేదు. వెనకవాడు హారన్ కొట్టాడు. చిత్రావతి ఇసుకలో ఒకరు తవ్వుకున్న చెలమలో ఇంకొకరు అడగకుండా కడవ ముంచితే ఎంత రచ్చో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. చెలమలో కాళ్ళు కడిగిన ఒకణ్ణి లింగన్న తల్లి హనుమక్క చెంబుతో నెత్తిమీద మోదింది. ఆమె కడుపున పుట్టినవాడే ఈ పని చేశాడు. తెలియక చేశాడా, తెలిసీ చూడలేదా, అదే తేలడం లేదు.

పదకొండో రోజు పడవ వచ్చింది. తనను కాపాడ్డానికే వచ్చిందని ఇన్నేళ్ళూ చెప్పాడు. అందులో గంపలూ తవ్వే కర్రలూ ఎందుకున్నాయో ఆలోచించలేదు. దిగిన ముసలామె ముందు గుంత దగ్గరికి వెళ్ళి, అక్కడే కూలబడి ఏడ్చింది. తన అవస్థ చూసి ఏడ్చిందనుకున్నాడు. ఆ తర్వాత ఆమే వచ్చి, ఉడికిన దుంప ముద్ద చేసి అతని నోట్లో పెట్టింది.

"ఆ గుంత ఇప్పుడు బాగయ్యుంటుందా పాపా?"

"దీవి పేరు చెప్పండి, వెతుకుతా."

పేరు అతనికి తెలియదు. ఎప్పుడూ 'నా దీవి' అనే అన్నాడు.

శుక్రవారం సెలవు రోజున ఏషియన్ టౌన్ బజారులో, మెసయీద్ కూలీల క్యాంప్ నుంచి వచ్చిన ముగ్గురు కొత్తవాళ్ళను కూర్చోబెట్టి, కడప డ్రైవర్ షఫీ కథ మొదలెట్టించాడు. గుంత దగ్గర లింగన్న ఆగిపోయాడు.

"ఏం రా, బట్టలుతికింది చెప్పు. వీళ్ళు నవ్వాల."

"అది ఎవురిదో చెలమ రా షఫీ." ధాత్రి చెప్పినదంతా చెప్పాడు.

"అంటే ముసలామె నీకోసం ఏడ్సలేదా?"

"లేదేమో."

"మరి నీకు తినబెట్టింది గదా. గుంత చూడకముందా, చూసినాకనా?"

"చూసినాకనే."

షఫీ గడ్డం గీరుకున్నాడు. "నాకేం అర్థం కాల్యా."

"నాకూ కాల్యా."

మెసయీద్ వాళ్ళు కాసేపు ఇద్దరి మొహాలూ చూసి, లేచి క్రికెట్ చూడ్డానికి వెళ్ళిపోయారు.