చెప్పకుండా వెళ్లిన చిన్నాయన

నాన్న రైల్వే ఉద్యోగం వల్ల తమ్ముడూ నేనూ నాగ్‌పూర్‌లో పెరిగాం. ఇక్కడి పద్ధతులు పెద్దగా తెలియవు. నిరుడు కాజీపేటలోని మా ఇంట్లో నాన్న పోయినప్పుడు, ఏదో పంతంతో ఎన్నో ఏళ్లు రాకపోకలు మానేసిన చిన్నాయన మరిపెడ నుంచి వచ్చాడు. ఆయన నాన్నకు పెదనాన్న కొడుకు, వయసులో చిన్న. "మాట్లాడుకోకుండనే పాయె మా అన్న" అంటూ గోడకు తల కొట్టుకున్నాడు.

దహనమయ్యాక స్నానాలు చేసి చూస్తే ఆయన లేడు. ఫోన్ ఎత్తడం లేదు. మా ఇంటి వెనకే రైలు పట్టాలు. ఏమైనా చేసుకున్నాడేమో అనిపించింది. ఎవరినీ అడగకుండానే ఇద్దరం పట్టాల వెంట పరుగెత్తాం. దూరంగా జనం గుమిగూడి ఉన్నారు. నేను ఆగిపోయాను. ముందుకెళ్లిన తమ్ముడు "బర్రె అక్కా" అని అక్కడే కూలబడ్డాడు.

సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు. "బస్సుల నిద్ర పట్టింది బిడ్డా. ఇల్లు చేరిన."

చెప్పకుండా ఎందుకు వెళ్లావని ఏడుస్తూనే కోప్పడ్డాను.

"సావింట్ల పోయొస్తనని చెప్తరా బిడ్డా? చెప్తే మళ్ల గసొంటి సావు పనికే రావాల్సొస్తది" అన్నాడు.

మొన్న మా పాప పుట్టువెంట్రుకలకు వచ్చాడు. భోజనం చేసి గేటు దాకా వెళ్లినవాడు వెనక్కి వచ్చి, అందరికీ వినపడేలా "పోయొస్త బిడ్డా" అన్నాడు. ఆ మాట విలువెంతో ఆ పట్టాల వెంట పరుగెత్తిన నా కాళ్లకు తెలుసు.