మిగిలిన పద్దెనిమిది ప్రదక్షిణలు

కిందటి వారం అమ్మ ఫోన్ చేసి, "ఒసే, మీ డ్రిల్లు మాస్టారు పోనారే. అన్నం తిని నడుం వాల్చారట, మరి లెగనేదు" అంది. అప్పుడు నేను ఆఫీసు మెట్లు ఎక్కుతున్నాను. సగంలో ఆగి, కుడి మోకాలు పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాను.

ఆ మోకాలి సంగతి చెప్పకుండా ఆయన గురించి చెప్పలేను. శ్రీకాకుళంలో కాలేజీ తరఫున కబడ్డీ ఆడుతూ లిగమెంటు తెంపుకున్నాను. ఆపరేషన్ అయి రెండు నెలలైనా నొప్పి వదల్లేదు. అప్పటికే రిటైరై, పిల్లలకు ఊరికే ఆట నేర్పుతున్న మాస్టారు రోజూ సాయంత్రం మా ఇంటికి వచ్చి, డాక్టరుగారు రాసిచ్చిన కసరత్తులు చేయించేవారు. ఆస్పత్రిలో నొప్పికి పదికి ఎన్ని మార్కులో చెప్పమంటారు కదా, మాస్టారి లెక్క వేరు. "ఈయాల ఏటమ్మా? సీమా, జెర్రా, తేలా?" చీమ అంటే ఇంకో పదిసార్లు చేయించేవారు. జెర్రి అంటే ఆలోచనలో పడేవారు. తేలు అంటే మాత్రం కాలు మెల్లగా దిండు మీద పెట్టి, ఐసు తెమ్మని అమ్మను కేకేసేవారు. బద్ధకమేసిన రోజుల్లో ఉత్తుత్తి తేళ్లు చాలానే కుట్టించుకున్నాను. ఆయనకు తెలుసు.

నొప్పి మరీ కదలనివ్వకపోతే డాక్టరుగారు కీలులోకే ఇంజెక్షన్ ఇచ్చారు. అందులో తిమ్మిరి మందు కూడా ఉందని, హాయిగా అనిపించినా రెండు రోజులు కాలికి పని చెప్పొద్దని మరీ మరీ చెప్పారు. మా చెవిన పడితేగా! ఆస్పత్రి బయటికి వచ్చేసరికి చీమ కూడా లేదు. ఒళ్లు దూదిలా తేలిపోతోంది. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. నొప్పి తగ్గిన రోజే నా చేత ఇరవయ్యొక్క ప్రదక్షిణలు చేయిస్తానని అరసవల్లి సూర్యనారాయణుడికి మొక్కుకుందట. మొక్కు ఆలస్యం చేయాలంటే మా ఇళ్లల్లో హడలు. పక్కింటివాళ్లకు ఫోన్లో శుభవార్త చెప్పేసి, అటునుంచి అటే ఆటో ఎక్కించింది.

మూడు ప్రదక్షిణలు గాలిలో నడిచినట్టే చేశాను. మళ్లీ కబడ్డీ కోర్టులో దిగిపోయినట్టే ఉంది. నాలుగోదానికి అడుగు వేస్తుండగా గుళ్లో గట్టిగా విజిల్ మోగింది! పూజారితో సహా అందరూ బిగుసుకుపోయారు. నేనూ అలవాటు కొద్దీ ఆగిపోయాను. కసరత్తు చేయించడానికి మా ఇంటికి వెళ్లిన మాస్టారు, పక్కింట్లో సంగతి విని, సైకిలు తొక్కుకుంటూ వచ్చి ఊదిన విజిల్ అది.

"ఒసే, నొప్పి పోనాదనుకున్నావేటి? పోనేదు, మందుకి పడుకున్నాది. అది లెగిసీసరికి నీ మోకాలుంటాదా?"

అమ్మ అడ్డుపడింది. "మొక్కు సగంలో ఆపితే సామి ఊరుకుంటాడేటి మాస్టారూ?"

"దీన్ని ఆటలోకి దింపింది నాను. మిగిలినవి నానే తిరుగుతాను. సామికి నానే సెప్పుకుంటాను."

అరవై దాటిన మనిషి. ఆయన మోకాళ్లు మాత్రం ఏం కొత్తవి? నన్ను ఒక మెట్టు మీద కూర్చోబెట్టి, పంచె ఎగగట్టి బయలుదేరారు.

సాయంత్రపు ఎండ గోడల మీద పచ్చగా పడుతోంది. ఆయన గుడి వెనక మాయమవడం, కాసేపటికి ఇటు మలుపులో కనిపించడం, వేళ్లు చూపించి లెక్క చెప్పడం, మళ్లీ మాయమవడం. చూస్తూ ఉంటే నిద్రలో ఉన్నానో మెలకువలో ఉన్నానో తెలియలేదు. పదోసారికి కుంటడం మొదలుపెట్టారు. చాలు మాస్టారూ అనాల్సింది. అనలేదు. నాకు నా మోకాలు కావాలి, మొక్కు తప్పితే అది దక్కదేమోనని భయం. ఆ సిగ్గు ఇన్నేళ్లూ దాచుకున్నాను, ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మళ్లీ కబడ్డీ ఆడలేకపోయాను. కానీ అమ్మ ఫోన్ చేసిన మర్నాడు నాగావళి ఒడ్డుదాకా ఆయన పాడె వెనక, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచాను.

ఆ సాయంత్రం పద్దెనిమిదోసారి కుంటుకుంటూ గుడి వెనక్కి తిరిగారు. కాసేపటికి నవ్వుతూ వచ్చేశారు కూడా. కానీ కిందటి వారం నుంచి, కళ్లు మూస్తే చాలు, ఆ మెట్టు మీదే ఉంటున్నాను. ఎండ పడుతూనే ఉంటుంది. ఆయన ఇప్పుడే అటు తిరిగారు. నేను ఇటు మలుపు వైపు చూస్తున్నాను.