ఒకటే ఖాళీ

ఇనుము ఎలా తుప్పు పడుతుందన్నది అతని చదువు. కాంక్రీటు ఎందుకు పగుళ్ళిస్తుందన్నది ఆమె చదువు. ఒకే ప్రయోగశాలలో డాక్టరేట్లు చేస్తూ మనసులు కలిసి పెళ్ళి చేసుకున్నారు. “ఒకరు తుప్పు, ఒకరు పగుళ్ళు. ఈ కాపురం ఏం నిలబడుతుందర్రా!” అని ఆమె తండ్రి, అంటే అతని మామగారు, నలుగురినీ నవ్వించేవారు.

ఆ నవ్వులు ఎండిపోయి చాలా కాలమైంది. డాక్టరేటు తర్వాత దొరికే పరిశోధన ఉద్యోగాలన్నీ ఏడాదికో రెండేళ్ళకో తీరిపోయేవే. ఆమె ఉద్యోగం పాప పుట్టినప్పుడు పోయింది. అతని ప్రాజెక్టు మొన్న వేసవిలో మూతపడింది. ఇద్దరూ కాళ్ళరిగేలా తిరిగాక, చివరికి సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రకటన వేశారు. పాత వంతెనల మీద పరిశోధన, ఖాళీ ఒకటే. ఈసారి తప్పితే అతనికి వయసు మీరిపోతుంది.

“నేను వెయ్యన్లే, నువ్వు వెయ్యి,” అంది ఆమె, పాప జుట్టు దువ్వుతూ.

“పిచ్చి మాటలు మాట్లాడకు. ఎవరికొచ్చినా మనింటికేగా వచ్చేది!”

ఆ మాట అతను మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఇద్దరూ దరఖాస్తు పెట్టారు. ఇంటర్వ్యూకి మొదట అతన్నే పిలిచారు. తుప్పు గురించి ఏం అడిగినా గడగడా చెప్పాడు. చివర్లో ఒక పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ, “ఇన్నేళ్ళయినా ఎక్కడా కుదురుకోలేదేం బాబూ?” అన్నాడు. ప్రాజెక్టులు మూతపడ్డాయంటూ ఏదో నసిగాడు. మొహం వేలాడేసుకుని బయటికొచ్చి వసారాలో కూలబడ్డాడు.

ఆమె లోపలికెళ్ళింది. తలుపు సరిగ్గా పడలేదు. ఆమె గొంతు స్పష్టంగా వినిపిస్తోంది. ఏదో లెక్క దగ్గర తడబడి, “ఒక్క నిమిషమండీ,” అని ఆగిపోయింది.

అమ్మయ్య, అనుకున్నాడు.

అనుకున్నాక గానీ తనేమనుకున్నాడో తెలియలేదు. లోపల ఆమె బోర్డు మీద బొమ్మ గీసి మళ్ళీ అందుకుంది. ఎవరో మెచ్చుకోలుగా నవ్వారు. అతను లేచి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో నిలబడిపోయాడు.

ఉద్యోగం ఆమెకే వచ్చింది. అతనే మామగారికి ఫోన్ చేసి చెప్పాడు, అతనే పాపను ఎత్తుకుని గిర్రున తిప్పాడు. ఆమె మాత్రం వంటగదిలో గోడకానుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

“ఆ రోజు నీ మొహం చూడగానే నీకు రాదని తెలిసిపోయింది. నాకేమనిపించిందో తెలుసా? హమ్మయ్య అనిపించింది. నేనేం మనిషిని, చెప్పు!”

నాకూ అంతే, అని ఒక్క మాట అంటే సరిపోయేది.

“పోనీలే, ఊరుకో,” అన్నాడు, క్షమించేవాడిలా ఆమె తల నిమురుతూ. ఆమె అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చేతిని ఎక్కడ దాచుకోవాలో అతనికి తెలియలేదు.

ఇప్పుడతను ఒక కాంట్రాక్టరు దగ్గర కాంక్రీటు దిమ్మలు మిషన్లో పెట్టి పగలగొట్టిస్తూ, ఎంత బరువుకి పగిలాయో రాస్తుంటాడు. ఇంటికొచ్చాక ఆమె వంతెన సంగతి ఎత్తితే అతను టీవీ సౌండు పెంచుతాడు. అతను నొచ్చుకున్నాడనుకుని ఆమె తప్పంతా తన మీదే వేసుకుంటోంది. ఇవాళ చెప్పేద్దామనుకుంటూనే అతను రోజులు గడిపేస్తున్నాడు.