బాబాయి గారి చేను, అంగారకుడి మట్టి

పత్తి పోయిన మరుసటి ఏడు నేను సత్తెనపల్లి దగ్గర ఒక ఊళ్ళో హైస్కూల్లో సైన్సు టీచరుగా చేరాను. మాది చీరాల. ఉద్యోగం కొత్త, ఊరూ కొత్తే. ఒక రైతు ఇంట్లో వీధి వైపు గది అద్దెకు తీసుకున్నాను. ఇంటాయన్ని బాబాయి గారూ అనీ, ఆయన భార్యను పిన్నీ అనీ పిలిచేదాన్ని. కూతురికి పెళ్ళయి వెళ్ళిపోవడంతో ఇంట్లో వాళ్ళిద్దరే ఉండేవారు.

అంతకు ముందు పంటకాలంలో తెల్లదోమ పడి ఆ చుట్టుపక్కల పత్తంతా తుడిచిపెట్టుకుపోయింది. తొలకరి పడ్డాక మిగతా వాళ్ళు ఏదో ఒకటి విత్తే ప్రయత్నంలో పడ్డారు. బాబాయి గారు మాత్రం నాగలి తీయలేదు. పొద్దున్నే చేనికి వెళ్ళి గట్టు మీద కూర్చునేవారు, ఎండెక్కాక తిరిగొచ్చేవారు. ఎవరైనా పలకరిస్తే ఊఁ అనేవారు, అంతే.

ఒకరోజు ఆయన లేనప్పుడు పిన్ని నా గదికి వచ్చింది. కొంగు చాటున తెచ్చిన పురుగుమందు డబ్బాలు నేల మీద పెట్టింది.

"వీటిని మీ బళ్ళో బీరువాలో పెట్టి తాళం వేసెయ్యమ్మా. ఇంట్లో ఉంచబుద్ధి కావట్లేదు."

ఎందుకని అడగలేదు. పోయిన చలికాలం చుట్టుపక్కల ఊళ్ళలో పత్తి రైతులు ఏం చేసుకున్నారో పేపర్లలో చదివే ఉన్నాను. వాటిని సంచిలో పెట్టుకుని వెళ్ళి ల్యాబ్ బీరువాలో తాళం వేశాను.

ఆ రోజుల్లోనే రష్యా వాళ్ళు అంగారకుడి దగ్గరికి రెండు వ్యోమనౌకలు పంపారని పేపర్లో వచ్చింది. పిన్నికి చదువు రాదు కానీ వార్తలంటే ఇష్టం. సాయంత్రం బడి నుంచి రాగానే అరుగు మీద కూర్చుని చదివి వినిపించేదాన్ని.

"అక్కడ మనుషులున్నారంటావా?" అని అడిగింది పిన్ని.

"మనుషులు లేరు పిన్నీ. కంటికి కనపడని సూక్ష్మజీవులైనా ఉన్నాయేమోనని ఒక పుష్కరం కిందటే అమెరికా వాళ్ళు యంత్రాలు దించి మట్టి పరీక్ష చేశారు."

మంచం మీద పడుకున్న బాబాయి గారు ఇటు తిరిగారు.

"మట్టి పరీక్షా? మనిషి లేకుండా ఎట్టా చేశారమ్మా?"

ఆయన నన్ను ఒక ప్రశ్న అడగడం అదే మొదలు. పేపరు పక్కన పెట్టి నెమ్మదిగా చెప్పాను. యంత్రానికి చెయ్యి లాంటిది ఉంటుంది. అది మట్టి తవ్వి చిన్న గిన్నెలో వేసి, పోషకాలు కలిపిన నీటిచుక్కలు వేస్తుంది. మట్టిలో ప్రాణులుంటే వాటిని తిని గాలి వదులుతాయి. ఇంకొంచెం మట్టిని బాగా వేడిచేసి దానికీ అంతే చేస్తారు. ప్రాణులు చచ్చిపోయిన మట్టి నుంచి గాలి రాకూడదు.

"వచ్చిందా గాలి?"

"వచ్చింది. వేడిచేసిన మట్టి నుంచి రాలేదు. కానీ జీవపదార్థం కోసం వెతికిన ఇంకో పరికరానికి ఏమీ దొరకలేదు. అందుకని అది మట్టిలో ఉన్న రసాయనాల పనేనని చాలామంది అన్నారు. కొందరు ఇప్పటికీ ఒప్పుకోవట్లేదు."

ఆయన మంచం మీద లేచి కూర్చున్నారు.

"నా చేను చచ్చిపోయిందమ్మా. పోయినేడు కొట్టని మందు లేదు. ఆ మట్టి పట్టుకుంటే బూడిద పట్టుకున్నట్టుంటాది. దానికి చెయ్యగలవా ఆ పరీక్ష?"

చేద్దామన్నాను.

మర్నాడు ఆయన తువ్వాలు నిండా నల్లరేగడి మూటకట్టుకొచ్చారు. సగం మట్టిని డబ్బాలో పోసి నా ప్రెజర్ కుక్కర్‌లో పెట్టాం. విజిల్ మీద విజిల్ వస్తుంటే పిన్ని ముక్కున వేలేసుకుంది.

"మట్టిని ఉడకబెట్టడం ఎక్కడా చూళ్ళేదమ్మా!"

"అంగారకుడి మీద ఉడకబెట్టారంటగా, నీకేం తెలుసు!" అన్నారాయన. పిన్ని నా వంక చూసింది. ఆయన ఎదురు మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

బడి ల్యాబ్‌లో ఒక సీసాలో మామూలు మట్టి, ఇంకో సీసాలో ఉడికిన మట్టి వేశాను. రెండింట్లోనూ కాచి చల్లార్చిన బెల్లం నీళ్ళు పోసి, బిరడాలు బిగించి, వాటి గొట్టాలు సున్నపు తేట ఉన్న గాజు గ్లాసుల్లోకి పెట్టాను. మట్టి ఊపిరి వదిలితే సున్నపు తేట తెల్లబడుతుందని బాబాయి గారికి చెప్పాను.

అంతా అమర్చాక గానీ నాకు భయం పుట్టలేదు. తెల్లబడకపోతే? బిరడా సరిగా బిగియకపోయినా చాలు, ఏమీ కనపడదు. అప్పుడు ఈయనతో ఏం చెప్పాలి? ప్రయోగం తప్పిందంటే నమ్ముతారా? బడి వదిలేముందు బిరడాల చుట్టూ కొవ్వొత్తి మైనం పూశాను.

పొద్దున్నే ఆయన నాకంటే ముందే వచ్చి ల్యాబ్ తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. తాళం తీసి లోపలికి వెళ్ళాం. మొదటి గ్లాసు పల్చటి మజ్జిగలా ఉంది. గొట్టం చివర నుంచి ఒక్కో బుడగ పైకి వస్తోంది. రెండో గ్లాసు తేటగానే ఉంది.

ఆయన చెప్పులు బయటే విడిచి వచ్చారు. స్టూలు మీద కూర్చుని బుడగల్నే చూస్తూ ఉండిపోయారు.

"ఇది నా చేనేనా?"

"మీ చేనే బాబాయి గారూ."

"అయితే అక్కడ గాలి వస్తే నమ్మలేదన్నావు. ఇక్కడెందుకు నమ్మాలి?"

"ఇక్కడ మట్టిలో ప్రాణులుంటాయని మనకు ముందే తెలుసు. అక్కడ ఎవరూ చూడలేదు, అందుకే అంత అనుమానం. కాకపోతే ఒక మాట. మట్టి బతికుందంటే పంట పండుతుందని కాదు. అది నేను చెప్పలేను."

"తెలుసులేమ్మా. పంట సంగతి నేను చూసుకుంటాను," అంటూ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నారు.

ఆ వారంలోనే ఆయన దుక్కి మొదలుపెట్టారు. పత్తి జోలికి పోకుండా కంది వేసి, మధ్యలో జొన్న వేశారు. గొప్పగా పండలేదు, తీసిపారేసేట్టూ లేదు. కొత్త కందిపప్పుతో పిన్ని నాకు పప్పు వండి పెట్టింది.

ఆ రెండు నౌకల కబురు మాత్రం ఆయన మర్చిపోలేదు. మొదటిదానికి భూమి నుంచి తప్పుడు ఆజ్ఞ వెళ్ళి మూగబోయిందని చెబితే నొచ్చుకున్నారు. రెండోది అంగారకుడి దాకా వెళ్ళింది. మరుసటి ఎండాకాలం మొదట్లో, మిరప కళ్ళాలు ఎర్రగా పరిచి ఉన్న రోజుల్లో, అదీ పలకడం లేదని పేపర్లో వచ్చింది.

"అంత దూరం పోయి... అయ్యో!" అన్నారు. సొంత మనిషికి ఏదో అయినట్టు ఆయన ముఖం చిన్నబోయింది. "మళ్ళీ పంపుతారా?"

"పంపుతారనే అనుకుంటున్నాను."

"పంపాలమ్మా. పంపకుండా ఎట్టా తెలుసుద్ది?"

తర్వాతి ఏడు నాకు చీరాల వైపు బదిలీ అయింది. అప్పటికి ఆయన సగం చేలో మళ్ళీ పత్తి వేశారు. నేను వద్దనలేదు. బస్సు దగ్గరికి నా పెట్టె తనే మోసుకొచ్చి, పైకి ఎక్కించి, బస్సు కదిలేదాకా కండక్టరుతో పత్తి ధర గురించి గట్టిగా వాదిస్తూనే ఉన్నారు.