గుడిదీర్ఘం

ఎండాకాలంలో తుంగభద్ర కర్నూలును తాకీ తాకనట్టు పోతుంది. ఇసుక మధ్యలో ఒక్క నీటిపాయ, ఎవరో జడ విప్పుకుంటూ పారేసుకున్న రిబ్బనులా మెరుస్తుంది. ఆడపిల్లల టీచరు ట్రైనింగ్ స్కూలు హాస్టలు మేడ మీది నుంచి ఆ రిబ్బనును చూడాలంటే పిట్టగోడ పట్టుకుని మునివేళ్ళ మీద లేవాలి. గీతకు మాత్రం ఆ అవసరం లేదు. మేడ మధ్యలో నిలబడి తల తుడుచుకుంటూ కూడా ఆమెకు నది కనిపించేది. "ఈరోజు నీళ్ళుండాయా అక్కా?" అని కింది నుంచి అడిగేవాళ్ళు. ఆమె ఆకాశవాణిలా పైనుంచి చెప్పేది.

గీత అంత పొడుగు. నల్లబల్ల మీద చాక్‌పీసుతో రాయడానికి తక్కిన పిల్లలు చెయ్యి పైకి చాచితే, ఆమె నడుము వంచేది. దండెం మీద చీరలు ఆరేయడానికి, అటక మీది ఊరగాయ జాడీ దింపడానికి, బూజు దులపడానికి హాస్టలంతా ఆమెనే పిలిచేది. వార్డెనుకు నిచ్చెన కొనే ఖర్చు తప్పింది.

కానీ గీత పేరు గీత కాదు.

ఆమెది ఆదోని అవతల, కోసిగి దగ్గరి పల్లె. పేరు గిడ్డమ్మ. కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఆమె ఈ హాస్టలుకు వచ్చింది. ఊరంతా సర్కారు ఆఫీసుల గుడారాలు. ఆ గుడారాలతో పాటు కోస్తా నుంచి దిగిన గుమాస్తాల కూతుళ్ళు, వాళ్ళతో పాటు వాళ్ళ పేర్లు. సుహాసిని, మృణాళిని, హేమలత. ఇస్త్రీ చేసి ట్రంకు పెట్టెలో మడతపెట్టి తెచ్చుకున్నట్టున్న పేర్లు. వాళ్ళ మధ్య గది గుమ్మానికి తల తగలకుండా వంగి లోపలికి వస్తున్న పిల్లను "నీ పేరేంటి?" అని ఎవరో అడిగారు. గిడ్డ అంటే పొట్టి అని ఆ గదిలో అందరికీ తెలుసు. ఆమె నోటిదాకా వచ్చిన పేరు మొదటి అక్షరం దగ్గర ఆగింది. అక్కడే ఒక దీర్ఘం తగిలించుకుని, మిగతాది మింగేసి, "గీత" అంది.

పెద్ద అబద్ధమేమీ కాదు. గుడి ఉన్నచోట గుడిదీర్ఘం. అంతే.

క్లాసులో హాజరు నంబర్లతో పిలిచేవారు కాబట్టి ఆ దీర్ఘం చదువు ముగిసేదాకా నిలిచింది. రిజిస్టరులో ఉన్న పేరు హెడ్‌మిస్ట్రెస్ హైమవతమ్మగారికి ఒక్కరికే తెలుసు. రాజమండ్రి ఆవిడ, తెలుగు వ్యాకరణం చెప్పేవారు. వీడ్కోలు సభ దగ్గరపడ్డాక గీత ఆమె గదికి వెళ్ళి నిలబడింది.

"మేడమ్, సభలో నన్ను గీత అనే పిలవండి."

"సర్టిఫికెట్టులో మార్చడం నా చేతిలో లేదమ్మాయ్."

"కాగితంలో ఏమన్నా ఉండనీండి మేడమ్. అందరి ముందర మాత్రం వద్దు. ఈడి నుంచి నవ్వులపాలు కాకుండా పోతే సాలు."

హైమవతమ్మగారు కళ్ళజోడు తీసి, ఆమె ముఖం చూడటానికి కుర్చీలో వెనక్కి వాలి, "సరే, అలాగే పిలుస్తాను" అన్నారు.

సభలో నవ్వులపాలు కావడమంటే ఆ హాస్టల్లో చిన్న సంగతి కాదు. వెళ్ళిపోయే ప్రతి అక్కకూ జూనియర్లు ఒక బిరుదు ఇస్తారు. నాలుగు మాటల్లో ఆమె బొమ్మ గీసి, మెడలో కనకాంబరాల దండ వేస్తారు. ఆ బిరుదు ఇక వదలదు. పెళ్ళిళ్ళలో కలిసినా, బస్టాండులో కనబడినా అదే పేరుతో కేకేస్తారు. ఆ ఏడాది బిరుదులు రాసే పని ఓబులమ్మ చేతికి వచ్చింది. ఓర్వకల్లు రాళ్ళ మధ్య పెరిగిన పిల్ల. నాలుక కూడా ఆ రాళ్ళ మీదే నూరుకున్నట్టుండేది. గీత అసలు పేరు ఓబులమ్మ చెవిన పడితే ఇక ఈ జన్మకు దీర్ఘం లేదు.

సభ రోజు మధ్యాహ్నం గేటు దగ్గర ఒక ముసలామె దిగింది. చేతిలో బొరుగుల మూట, నెత్తిన ఎండ.

"మా గిడ్డమ్మ యాడుండాదప్పా? పిలుచు. సదువు అయిపోయిందంట, తోడకపోను వచ్చినా."

వాచ్‌మన్ దాసన్న బీడీ ఆర్పి ఆలోచించాడు. "ఆ పేరోళ్ళు ఈడ లేరే అవ్వా. ఎట్లుంటాది?"

"ఎట్లుంటాది? మా గిడ్డమ్మ మాదిరి ఉంటాది."

దాసన్నకు విషయం అర్థమైంది. పేరు తెలియకపోయినా మనిషి తెలిసిపోయింది. హాస్టల్లో గిడ్డమ్మ అనదగ్గ పిల్ల ఒక్కతే. మంగంపేట నాగలక్ష్మమ్మ. వాళ్ళ నాయన ముగ్గురాయి గనుల్లో మేస్త్రీ. ఆమె మంచం మీద కూర్చుంటే కాళ్ళు నేలకు ఆనవు. దాసన్న ఆమెను వెతికి, "మీ అవ్వ వచ్చిండాదమ్మా, బొరుగులు తెచ్చింది" అన్నాడు. తన అవ్వలిద్దరూ ఎప్పుడో పోయారన్న సంగతి నాగలక్ష్మమ్మకు తెలుసు. అయినా బొరుగులు అన్నాడు కదా అని బయలుదేరింది. ఆమె వెనక ఓబులమ్మ, ఓబులమ్మ వెనక సగం హాస్టలు.

అవ్వ ఆ పిల్లను పైనుంచి కిందికి చూసింది. చూపుకు పెద్ద పని పడలేదు.

"ఏమప్పా, మా పిల్లను ఇట్ల కుదించినారేమి? మీ హాస్టల్లో కూడు పెట్టరా?"

"అవ్వా, నేను మీ పిల్లను కాను" అంది నాగలక్ష్మమ్మ, మూట వైపు చూస్తూ.

"అట్ల చెప్పు. నాకు గుండె జారిపాయ." అవ్వ గేటు మీద చెయ్యి వేసి నిలదొక్కుకుంది. ఓబులమ్మ ముందుకొచ్చింది.

"మీ గిడ్డమ్మ ఎట్లుంటాదో గుర్తు చెప్పవ్వా, మేం పట్టిస్తాం."

"ఏం గుర్తు చెప్పాల? గుడిసెకు నిట్రాడ ఉంటాది సూడు, అట్లుంటాది."

హాస్టల్లో నిట్రాడ కూడా ఒక్కటే. అందరి తలలూ ఒకేసారి మేడ వైపు తిరిగాయి.

గీత మేడ మీద ఆరేసిన చీరల వెనక దాక్కుంది. దాక్కోవడం వరకూ బాగానే దాక్కుంది. పసుపు చీర, నీలం చీర, మధ్యలో గాలికి ఊగే ఆకుపచ్చ చీర. వాటన్నిటి మీదుగా, దండెం పైన, ఆమె తల ఒక్కటి పూసినట్టు కనిపిస్తూ ఉంది.

కిందికి దిగితే గిడ్డమ్మ. దిగకపోతే అవ్వ ఎండలో. గీత కళ్ళు ఒకసారి నది వైపు వెళ్ళాయి. నీటిపాయ కూడా ఏమీ ఎరగనట్టు సాగిపోతోంది. అప్పుడు కింద అవ్వ నెత్తి మీది కొంగు సర్దుకుని, ఎవరినీ ఏమీ అడగకుండా, మూట ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది.

గీత మెట్లు దిగింది.

"వచ్చినావా గిడ్డమ్మా" అంది అవ్వ. "పోయినసారికీ ఇప్పటికీ ఇంకా పెరిగితివే."

ఓబులమ్మ గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళిపోయింది. అదే గీతను భయపెట్టింది. ఆ పిల్ల మాట దాచుకుందంటే సాయంత్రానికి పదును పెడుతోందన్నమాట.

సాయంత్రం హాలు కనకాంబరాల రంగులోకి తిరిగింది. అవ్వకు ముందు వరసలో చాప వేశారు. బిరుదులు మొదలయ్యాయి. కోయిలకుంట్ల వెంకటేశ్వరమ్మ ముందు. "చరిత్ర పాఠంలో రాజులంతా పోయేదాకా కళ్ళు మూసుకుని సంతాపం తెలిపిన అక్క" అన్నారు. బిరుదు, నిద్రాదేవి. ఆ మాట వినబడక పక్కవాళ్ళు లేపాల్సి వచ్చింది. నాగలక్ష్మమ్మకు 'ముగ్గులో చుక్క' అని ఇచ్చారు. "చిన్నదే, కానీ చుక్క లేనిదే మా ముగ్గు లేదు." నాగలక్ష్మమ్మ దండ వేయించుకోవడానికి కుర్చీ ఎక్కింది. ఆమె బుగ్గలో బొరుగులు ఇంకా కరకరమంటున్నాయి.

తర్వాత గీత వంతు. ఆమె వేదిక మీద చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడింది.

ఓబులమ్మ చేతిలోని చీటీని అందరికీ చూపించి చింపింది. "ఈ అక్కకు మేం శానా దినాల నుంచి ఒక బిరుదు రాసి పెట్టుకున్నాం. మద్దేనంతో అది పనికిరాకుండా పోయింది. నిట్రాడకు గిడ్డమ్మ అని పేరు పెట్టిన మనిషి ఎదురుగా కూసోనుంటే, మా ఎగతాళి ఏ మూలకు? అందుకని ఈ దండ అక్కకు కాదు. అవ్వకు. మా హాస్టల్లో అందరికన్నా పెద్ద ఎగతాళి ఆమెదే."

హాలు నవ్వులో మునిగింది. అవ్వ మెడలో కనకాంబరాలు పడ్డాయి. ఆమె వాటిని సర్దుకుని, కూర్చున్నచోటి నుంచే మాట్లాడింది.

"నేను ఎగతాళికి పెట్టలేదమ్మా. దీనికన్నా ముందు పుట్టినోళ్ళు నిలవలేదు. ఇది పుట్టినప్పుడు నా దోసిట్లో పట్టె. మా ఊరి గిడ్డాంజనేయుని గుడికాడ పండుకోబెట్టి, బతికిస్తే నీ పేరే పెడతానంటి. ఆయప్ప బతికించె. అప్పుడు ఇది గిడ్డమ్మే. పేరు పెట్టినాక ఇట్ల పెరుగుతాదని నాకేం తెలుసు? నిలువుమని చెప్పినా వినకపాయ."

ఈసారి నవ్వు మెల్లగా వచ్చింది. ముందు వేదిక మీది పిల్ల నుంచి వచ్చింది. దోసిట్లో పట్టిన తనను తాను ఊహించుకోబోయి, ఆ దోసిలి దాటి ఎంత దూరం వచ్చిందో కొలుచుకోబోయి, గీత నవ్వింది. నవ్వుతుంటే కళ్ళు చెమ్మగిల్లాయి. అంత ఎత్తులో ఉన్నాయి కాబట్టి ఎవరికీ సరిగా కనబడలేదు.

హైమవతమ్మగారు సర్టిఫికెట్టు చేతిలోకి తీసుకున్నారు. ఇచ్చిన మాట గుర్తుంది ఆవిడకు. పిలవబోయి ఆగి, గీతకు మాత్రమే వినబడేలా అడిగారు.

"ఏమని పిలవనమ్మా?"

"గుడి చాలు మేడమ్. దీర్ఘం వద్దు."

హెడ్‌మిస్ట్రెస్ గొంతు సవరించుకున్నారు. వ్యాకరణం చెప్పేటప్పుడు పలికినంత స్పష్టంగా, ఒక్క అక్షరం కూడా సాగదీయకుండా, "గిడ్డమ్మ" అని పిలిచారు.

మరునాడు పొద్దున్నే గేటు ముందు జట్కా ఆగింది. అవ్వ మెడలో దండ ఇంకా ఉంది, పూలు వాడినా తీయనివ్వలేదు. ఓబులమ్మ, నాగలక్ష్మమ్మ ట్రంకు పెట్టె ఎక్కించారు. దాసన్న జట్కా వెనక నిలబడి, ఈసారి పొరపాటు పడకుండా సరైన మనిషినే చూసి చెప్పాడు.

"గిడ్డక్కా, తల వంచు. పైన తగులుతాది."