గోనె సంచిలో దాచిన హెల్మెట్

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీకు వందనాలు. నేను ప్రభుదాసును, మేడ్చల్‌లో మోటార్లకు వైండింగ్ చేసే షాపు నాది. పోయినేడు ఈస్టరుకు ముందు శ్రమకాల దినాల్లో ఇదే మందిరంలో, ఇదే మైకు పట్టుకుని మీకు ఒక సాక్ష్యం చెప్పాను. మీరు చప్పట్లు కొట్టారు, కొందరు కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ సాక్ష్యం అబద్ధం. తల ఎత్తి మీ ముఖాలు చూడలేకపోతున్నాను, క్షమించండి.

చలి పోయి ఎండ మొదలయ్యే ఈ రోజుల్లో మన శామీర్‌పేట దారి సంగతి మీకు తెలియనిది కాదు. పగలు ఎండ చురుక్కుమంటుంది, తెల్లవారుజామున మాత్రం చెరువు మీద నుంచి పొగమంచు లేచి రోడ్డును కప్పేస్తుంది, రాలిన వేపాకు మంచుకు తడిసి సబ్బులా జారుతుంది, అది చాలదన్నట్టు బండ్లు తొక్కితే గింజ రాలుతుందని రైతులు ఉలవ కట్టె తెచ్చి రోడ్డు మీదే పరుస్తారు. సాయంత్రం ఎంత ఊడ్చుకుపోయినా గింజలూ పొట్టూ మిగిలే ఉంటాయి. పోయినేడు ఆ రోజు తెల్లవారి ప్రార్థనకు ఆలస్యమవుతోందని నేను మలుపులో కూడా వేగం తగ్గించలేదు, ముందు చక్రం ఆ గింజల మీద పడింది, బండి ఒకవైపు నేను ఒకవైపు! నా తల వెళ్లి రోడ్డు పక్కన పాతిన రాతి కడీకి ఫట్‌మని కొట్టుకుంది. అయిపోయింది నా పని అనుకున్నాను. లేచి చూసుకుంటే మోచేయి గీరుకుపోయింది, అంతే. పగిలింది నా హెల్మెట్.

అవును, సహోదరులారా, ఆ రోజు నా తలకు హెల్మెట్ ఉంది.

మరి ఎందుకు దాచానంటే, చెప్పడానికి సిగ్గుగా ఉంది. అంతకు ముందు రోజే ఒక సహోదరి తనను క్యాన్సర్ నుంచి దేవుడు విడిపించిన సంగతి చెబితే మందిరమంతా ఏడ్చింది. నేను పదకొండేళ్ల విశ్వాసిని, కుర్చీలు వేసేవాణ్ణి, చాపలు పరిచేవాణ్ణి, ఒక్కసారి కూడా నన్ను ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పమన్నవాళ్లు లేరు. హెల్మెట్ ఉంది కాబట్టి బతికాను అంటే ఎవరు హల్లెలూయ అంటారు? షాపు సామాను కోసం బండికి కట్టుకునే గోనె సంచిలో దాన్ని కుక్కేసి, గీరుకుపోయిన మోచేయి మాత్రం అందరికీ కనబడేలా చొక్కా చేయి మడిచి లోపలికి వచ్చాను. వట్టి తలతో పడ్డానన్నాను. దేవదూత నా తల కింద అరచేయి పెట్టాడన్నాను. మీరు "స్తోత్రం" అంటుంటే నా కాళ్లు నేల మీద నిలవలేదు!

ఇంటికి వెళ్లాక, అప్పటికే విశ్వాసుల నోట నా సాక్ష్యం విన్న నా భార్య సుగుణ ఆ సంచి విప్పి చూసింది. "గీ హెల్మెట్ సంగతి సెప్పలేదేంది?" అని అడిగింది. "దేవుని మహిమ కోసమే గదా" అన్నాను. "దేవునికి నీ అబద్ధం సాయం గావాల్నా?" అంది. నేను లెక్క చేయలేదు. కౌకూర్‌లో గృహ ప్రార్థనకు పిలిస్తే అక్కడా చెప్పాను, దుండిగల్‌లోనూ చెప్పాను, దుండిగల్ చేరేసరికి దేవదూతకు రెక్కలు కూడా మొలిచాయి. ఇంకో సంగతి, ఆ తర్వాత నేను కొత్త హెల్మెట్ కొనలేదు. విశ్వాసులు ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని నా అబద్ధానికి నేనే జడిసి, నిజంగానే వట్టి తలతో తిరిగాను.

మన బాలయ్య అన్న మీకు తెలుసు. జవహర్‌నగర్ నుంచి పాత బండి మీద వచ్చి అందరికంటే ముందు మందిరం తలుపు తీసే మనిషి. ఆయన కూతురు మొదటి జీతంతో కొనిచ్చిన హెల్మెట్ పెట్టుకుని కిరాణా కొట్టుకు కూడా పోయేవాడు. "ఏందే అన్నా, చంద్రమండలం పోతున్నవా?" అని మనమే నవ్వేవాళ్లం. నా సాక్ష్యం విన్న మర్నాటి నుంచి ఆయన తలకు హెల్మెట్ లేదు. నేను గమనించాను. గమనించి కూడా నోరు మూసుకున్నాను. ఈ ఏడాది శ్రమకాల ప్రార్థనలు మొదలైన రెండో వారం, పొగమంచులో, తడి వేపాకు మీద ఆయన బండి జారింది.

ఆసుపత్రికి పరుగెత్తాను. అన్నకు స్పృహ లేదు. ఆయన భార్య లక్ష్మి వదిన వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె మన మందిరానికి రాదు, ఆమె పూజలు ఆమెవి. నన్ను చూసి గబగబా లేచి నా చేతులు పట్టుకుంది. "తమ్మీ, నువ్వు జల్దీ ప్రార్థన జెయ్యి. నీకు జేసినట్టే మా ఆయనకు గూడ జేస్తడు గద నీ దేవుడు? నీ సాక్ష్యం ఇన్నంక హెల్మెట్ తీసి గోడ మొలకు తగిలేసిండు, నేను అండ్ల ఉల్లిగడ్డలు పోసి పెట్టిన" అంది. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది! అక్కడే మోకాళ్ల మీద కూలబడ్డాను.

"ప్రభువా, నేను అబద్ధికుణ్ణి. నువ్వు నా తల కాపాడితే నేను మా అన్న తల వట్టిది చేశాను. నువ్వు చేసింది చాలదని దానికి రంగు పూశాను. ఆయన్ను బతికించు తండ్రీ, నేను నిజం చెబుతాను. నువ్వు బతికించకపోయినా చెబుతాను."

లేచి వదినకు అంతా చెప్పాను. "హెల్మెట్ పెట్టుకున్నోణ్ణి దేవుడు కాపాడితే గది సాక్ష్యం గాదా తమ్మీ?" అంది. ఆ తర్వాత, "ఆయన లేస్తే నేనేం సెప్ప. నువ్వే సెప్పాలె, గదే మందిరంల" అంది. పదకొండేళ్లలో నేను విన్న ఏ ప్రసంగమూ నన్ను అలా తాకలేదు.

మూడో రోజు అన్న కళ్లు తెరిచాడు, దేవునికే మహిమ! కానీ ఎడమ చెవికి వినికిడి పోయింది, ఇక రాదన్నారు డాక్టర్లు. నన్ను చూడగానే ఆయన అన్న మొదటి మాట, "పరేషాన్ గాకు తమ్మీ, నాకే ఇశ్వాసం తక్కువైంది". ఆ మాట అప్పటి నుంచి నన్ను నిద్రపోనివ్వడం లేదు.

ఇదిగో, ఆ సంచి తెచ్చాను. ఇదిగో హెల్మెట్, చెవి పై నుంచి వెనక దాకా చీలిక కనబడుతోందా? చేతులు వేసి చూడండి. సహోదరులారా, దేవుణ్ణి నమ్మండి, నాలాంటి అబద్ధికుణ్ణి కూడా తోసిపారేయని దేవుడు ఆయన. నమ్మి, రేపు తెల్లవారి ప్రార్థనకు వచ్చేటప్పుడు హెల్మెట్ పెట్టుకుని గడ్డం కింద క్లిప్పు బిగించండి, మలుపుల్లో ఆకు కనబడినా గింజ కనబడినా మెల్లగా రండి, ఆలస్యమైతే ఆలస్యమే, దేవుడు తలుపు వేసుకోడు. సాక్ష్యం చిన్నదైతే చిన్నదిగానే చెప్పండి.

బాలయ్య అన్న ముందు వరుసలోనే కూర్చున్నాడు. మైకు మోత ఆయనకు గోలగా వినబడుతుందట, ఇప్పటిదాకా నేను చెప్పింది ఎంత అందిందో తెలియదు. అందుకే మైకు ఇక్కడ పెట్టి, దిగి ఆయన కుడి పక్కకు వెళ్తున్నాను.

అన్నా, నీకు ఇశ్వాసం తక్కువ గాలేదే. ఆ రోజు నా తలకు హెల్మెట్ ఉండె.